స్పీకరు కింద సందు

పక్కింటి కిటికీకి ఎవరో సందులు పూడ్చే సీలెంట్ వేస్తున్నారు. ఆ వాసన మా వంటింట్లోకి వచ్చింది. తెలియనివాళ్లు ఎక్కడో సిర్కా సీసా, అదే వెనిగర్ సీసా, పగిలిందనుకుంటారు. పచ్చి సీలెంట్ వాసన అచ్చం అలాగే ఉంటుంది, ముక్కు లోపల చురుక్కుమంటుంది. వెలిమెలలో మేముండే వైపు అన్నీ కొత్త ఇళ్లే. వానాకాలం దగ్గర పడితే ఏదో ఒక కిటికీ దగ్గర ఈ వాసన వస్తూనే ఉంటుంది. నిరుటి దాకా ఈ వాసనకు నాకు మా షెడ్డు గుర్తొచ్చేది. ఈ ఏడు సలోమి మేడం గుర్తొచ్చింది. ఆమె ఎండాకాలంలో పోయింది. చాయ్ గిన్నె దింపి స్టవ్వు ఆర్పాను.

ఆమెను చూడనివాళ్లకు ముందు షెడ్డు గురించి చెప్పాలి. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో, పెద్ద కంపెనీల ప్రహరీల వెనక, లారీలు తిరగడానికి కష్టపడే ఒక సందులో ఉంటుంది మా షెడ్డు. మొదట బస్సులకు సీట్లు చేసేవాళ్లు. తర్వాత క్యాంపింగ్ ట్రైలర్లు మొదలుపెట్టారు. కారు వెనక తగిలించి లాక్కెళ్లే చిన్న ఇల్లు అది. లోపల పడకలు, ఒక స్టవ్వు, ఒక సింకు. బయటి గోడకు రెండు స్పీకర్లు. అడవి పక్కన బండి ఆపుకొని, గోడకు కట్టిన గుడ్డ నీడన కుర్చీలు వేసుకొని పాటలు వినడానికి అవి. ట్రైలర్లు చేద్దామని యజమాని మాధవరెడ్డి సారును ఒప్పించింది సలోమి మేడమే. ఆ పనికి పెద్ద కూడా ఆమే. సంగారెడ్డి మనిషి, పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదివింది. ఆదివారాలు చర్చిలో పాటల బృందాన్ని నడిపేది. మెత్తని మనిషి కాదు. షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు వినిపించే గొంతు. ఆ గొంతు మీద ఆమెకు గర్వం కూడా ఉండేది.

నేను కొండాపూర్ మండలంలోని ఒక ఊరి నుంచి, ఐటీఐ ముగించుకొని, వైరింగ్ పనికి వెళ్లాను. మొదటి రోజు మధ్యాహ్నం అన్నం తిని, ఒక మూల కూర్చొని పుస్తకం చదువుకుంటున్నాను. మీద నీడ పడింది.

"ఏందమ్మా అది?"

"పుస్తకం, మేడం."

"పుస్తకమని నాకూ కనవడుతుంది. తడిస్తే ఏం జేస్తవ్?"

నిజం చెప్పాను. "ఏడుస్త, మేడం."

ఆమె వెనక్కి తిరిగి షెడ్డంతటికీ వినబడేలా అంది: "ఇగో, వైరింగ్‌కు మనిషి దొరికింది! తడిస్తే ఏడ్చేటోళ్లే కావాలె నాకు. ఇంతకుముందు ఉన్నోడు బండి కారుతుంటే బీడీ తాగుకుంట కూసునేటోడు."

మా షెడ్డులో ఒక రివాజు ఉంది. బండి గేటు దాటే ముందు దానికి తానం పోస్తాం. ఆ మాట పెట్టింది మేడమే. బండిని చేసినవాళ్లందరూ లోపల కూర్చొని తలుపు వేసుకోవాలి. పడకల మీద, నేల మీద, గోడల వెంట పాత వార్తాపత్రికలు పరుస్తాం. బయట బోరు పైపుతో నీళ్లు కొడతారు. బయటి స్పీకర్లలో పాట నడుస్తూ ఉంటుంది. చుక్క పడితే కాగితం మీద వెంటనే కనబడుతుంది. అంతా అయ్యాక లోపలివాళ్లలో ఒకరు తలుపు తట్టి "పొడిగున్నది!" అని అరవాలి. ఆ మాట వినపడితేనే బయటివాళ్లు తలుపు తీస్తారు. నేను ఆ పాత పత్రికలు చదువుతూ కూర్చునేదాన్ని. "పేపర్ల ఏముందో కాదే సుజాతా, పేపర్ మీద ఏముందో సూడు" అని మేడం నెత్తి మీద మొట్టేది.

మొదటి విడత బండ్లు తానాలన్నీ దాటి, టూర్లు తిప్పే ఒక కంపెనీకి వెళ్లాయి. ఆ ఏడాది వానలు మొదలైన కొద్ది రోజులకే వెనక్కి రావడం మొదలుపెట్టాయి. పడకల కాళ్ల వైపు పరుపులు నానిపోయాయి. స్పీకర్లలో కొన్ని గరగరలాడుతున్నాయి, కొన్ని అసలు పలకడం లేదు. ఒక బండిలో చంటిపిల్లతో పడుకున్న కుటుంబం తడిసి లేచి కారులో కూర్చుందట. ఆ సంగతి విని మేడం మధ్యాహ్నం అన్నం తినలేదు. మాధవరెడ్డి సారు షెడ్డులోకి వచ్చి, అందరి ముందు, గొంతు పెంచకుండానే చెప్పాడు.

"రెండో విడత గూడ ఇట్లనే వాపస్ వస్తే ట్రైలర్ల పని బంద్, సలోమమ్మా. సీట్ల పని ఉండనే ఉన్నది. కానీ దానికి గింతమంది అక్కర లేదు."

ఎవరు అక్కర లేదో మాకు తెలుసు. నాలాగా కొత్తగా వచ్చినవాళ్లం. నేను మళ్లీ మా ఊరి పత్తి చేలోకి వెళ్లాలి. మేడం మాటకొస్తే, ఆమె అడిగి తెచ్చుకున్న పని అది. అది పోతే ఆ షెడ్డులో ఆమెకు కుర్చీ ఉంటుంది కానీ పని ఉండదు.

అందరి కళ్లూ పైకప్పు మీదే పడ్డాయి. పైకప్పు అతికినవాడు రాజేష్, బీహార్ నుంచి వచ్చిన వెల్డరు. వాడికి కోపమొచ్చింది. కప్పులో లోపమే లేదన్నాడు, తానే ఎక్కి దాని మీద పడుకున్నానన్నాడు.

"మేడం, ఛత్ మే కుఛ్ నహీ హై. మై ఖుద్ ఊపర్ సోయా హూ."

"నువ్వు ఊపర్ సోయా, నీళ్లు నీచే సోయా" అంది మేడం. వాడు పైన పడుకుంటే నీళ్లు కింద పడుకున్నాయట. వాడికి కూడా నవ్వొచ్చింది.

సీలెంట్ ఇంకో వరస వెయ్యమని ఆమె చెప్పింది. పైకప్పు అతుకులకు, కిటికీలకు, స్పీకర్ల చుట్టూ. "సూది దూరేంత సందు గూడ ఉండొద్దు" అంది. షెడ్డంతా సిర్కా వాసన. ఆరాక తానం పోశాం. అంతకుముందు పై నుంచి కాసేపు కొట్టి ఆపేసేవాళ్లం. ఈసారి గాలివానలాగా పక్క నుంచి, ఉదయం నుంచి ఆపకుండా కొట్టమంది. మధ్యాహ్నం దాకా కాగితాలు పొడిగానే ఉన్నాయి. లోపల ఉక్కకు చెమటలు కారుతున్నా అందరం నవ్వుకుంటున్నాం. రాజేష్ తలుపు తట్టబోయాడు. అప్పుడే పడక కాళ్ల దగ్గర పరిచిన పత్రిక అంచు నల్లబడింది. చూస్తుండగానే ఆ నలుపు పైకి పాకింది. మా కళ్లన్నీ ఆ కాగితం మీదే.

మేడం మాత్రం కాగితం వైపు చూడలేదు. తల పక్కకు వంచి వింటోంది. బయట ఆమె పెట్టిన భక్తి పాట నడుస్తోంది.

"కిందిస్వరం విన్నవా? ఎడమ దిక్కుది" అంది నాతో. "నోట్లె నీళ్లు పోసుకొని పాడినట్టున్నది."

తడుస్తూనే బయటకు వెళ్లి ఎడమ స్పీకరు స్క్రూలు తానే విప్పింది. చివరి స్క్రూ వదులు కాగానే లోపలి నుంచి నీళ్లు బుడుక్కున ఆమె చీర మీద పడ్డాయి. చెంబుతో పోసినట్టు పడ్డాయి. గోడ రేకుకు నిలువు గాడులున్నాయి. స్పీకరు అంచు ఆ గాడుల మీద పూర్తిగా అంటుకోదు. పై నుంచి కొంచెం నీరు ఎలాగూ దూరుతుంది. కింద కూడా సీలెంట్ ఉంది కాబట్టి దూరిన నీరు బయటకు పోలేక అక్కడే నిండింది. నిండి, స్పీకరు వెనక నుంచి కిందికి వెళ్లే వైరు పట్టుకొని నేరుగా పడక దగ్గరకు దిగింది.

ఆమె సారు గదికి వెళ్లలేదు. ఆ తడి చీరతోనే నిలబడి సారునే షెడ్డులోకి పిలిపించింది. మేమందరం నిలబడి ఉన్నాం.

"సార్, చుట్టూ సీలెంట్ వెయ్యమన్నది నేను. మొదటి బండి నుంచి నేనే. వీళ్లు నేను చెప్పినట్టే జేసిండ్రు. రాజేష్ కప్పు మంచిగున్నది. నీళ్లను లోపల పెట్టి తాళమేసింది నేను."

సారు ఆమెను, నేల మీది నీళ్లను చూశాడు. "ఇప్పుడేంది మరి?"

"ఇప్పుడా? ఆ నీళ్లను ఇడిసిపెడ్త."

నేను అప్పటిదాకా చాలా పుస్తకాలు చదివాను. తప్పు నాదేనని ఒక పెద్ద మనిషి, తన కింద పనిచేసేవాళ్ల ముందు, గొంతు తగ్గించకుండా చెప్పడం కళ్లతో చూడటం అదే మొదలు. రాజేష్ ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు.

కింద సందు వదలాలని తెలిసింది. వైరు సంగతి తేలలేదు. సోమవారం ఉదయం మేడం వస్తూనే నన్ను కేకేసింది.

"నిన్న ప్రార్థన మధ్యల వాన వచ్చిందే. అందరు కండ్లు మూసుకున్నరు. నేను కిటికీల నుంచి హారన్ స్పీకర్ వైరు సూసుకుంట నిలవడ్డ. దేవుడు మాఫ్ జేస్తడు తియ్. ఆ వైరు గోడల పోయే ముందు కిందికి జారి, మల్ల పైకెక్కి పోతది. ఆ వంపు కాడికొచ్చి నీళ్లు టప్పున కింద పడుతున్నయ్. లోపలికి పోతలేవు. ఎన్నేండ్ల నుంచి నా కండ్ల ముందరనే ఉన్నది!"

వైరుకు అలా కిందికి వేలాడే కడుపు పెట్టాలి, అదీ సంగతి. ఆ మాట షెడ్డులో నిలిచిపోయింది. స్పీకరు వెనక ఒక డబ్బా కావాలి. దాని అడుగు నుంచి నీరు బయటి సందులోకి పోవాలి. వైరు కడుపు ఆ డబ్బాలోనే వేలాడాలి. కొలతకు సరిపోయే డబ్బా కోసం చుట్టూ చూసింది. నా అన్నం డబ్బా కనబడింది. నేను వద్దనేలోపు పప్పును మూతలోకి వంచి, డబ్బాకు రంధ్రం పెట్టేసింది.

"రేపటి నుంచి నేను దేంట్ల తెచ్చుకోవాలె, మేడం?"

"ఆకుల కట్టుకొని రా. మీ నాయినమ్మ తినలేదా?"

ఆ వారమంతా విప్పడం, కోయడం, కలపడం. స్పీకరుకు పైనా పక్కలా మాత్రమే సీలెంట్. కింద వేలిగోరు పట్టేంత సందు. ప్రతి వైరు కడుపూ నేనే వంచాను. మేడం వెనక నిలబడి "ఇంక జెర లావు కడుపు" అని నవ్వేది.

టూర్ల కంపెనీ మనిషి బోరు పైపును నమ్మనన్నాడు. నిజమైన వానలో చూస్తానన్నాడు. ముసురు పట్టిన ఒక రోజు పొద్దున్నే చెప్పకుండా దిగాడు. గాలికి వాన అడ్డంగా కొడుతోంది. బండిని ఆరుబయట నిలిపి, ఆయనా మేడం నేనూ లోపల కూర్చున్నాం. బయటి స్పీకర్లలో మొదట మేడం పాటలు, తర్వాత రాజేష్ పెట్టిన భోజ్‌పురి పాటలు. ఆయన మాటిమాటికీ చెయ్యి పడక కాళ్ల వైపు పోనిస్తున్నాడు. మధ్యాహ్నం దాటింది. బయట వాన తగ్గలేదు, పాట మారుతోంది కానీ స్పీకరు గొంతు మారలేదు. చివరకు ఆయన బూట్లు విప్పి, పత్రికలు పరిచిన పడక మీద అడ్డంగా పడుకొని ఒకసారి దొర్లాడు. కాగితం కరకరలాడింది. ఎండిన కాగితం చప్పుడు. అంతకంటే మంచి సంగీతం ఆ రోజు ఆ స్పీకర్లలో కూడా రాలేదు.

ఆయన లేచి తలుపు తట్టాడు. బయటివాళ్లు తియ్యలేదు.

"ఊకె తియ్యరు సార్. మా రివాజున్నది" అంది మేడం. "పొడిగున్నది అనాలె."

"పొడిగా ఉంది" అన్నాడాయన, కొంచెం సిగ్గుపడుతూ.

వినపడలేదని బయట నుంచి రాజేష్: "సునాయి నహీ దియా!"

"పొడిగున్నది!" అని ఆయన అరిచాడు.

తలుపు తెరుచుకుంది. పక్క షెడ్లవాళ్లు కూడా పాటకు గేటు దాకా వచ్చి ఉన్నారు. వానలోనే చిందులేస్తూ ఎగురుతున్నారు. మాధవరెడ్డి సారు గొడుగు మూసి పక్కన పెట్టేశాడు. మేడం మాత్రం ముందు స్పీకరు దగ్గరకు వెళ్లి వంగి చూసింది. కింది సందులోంచి నీరు సన్నగా, దారంలాగా కారుతోంది.

"అగో, ఇంటికి పోతున్నది" అంది. తర్వాత ఆమె కూడా ఎగిరింది.

ఆ రెండో విడత బండ్లలో ఏదీ తిరిగి రాలేదు. మేమందరం పనిలో ఉండిపోయాం. మరుసటి వారం మేడం నాకొక స్టీలు డబ్బా తెచ్చిచ్చింది. మూత మీద చుక్కలతో కొట్టించిన పేరు నాది కాదు, ఆమెది. "నీ పేరు కొట్టిస్తే నువ్వు యాది మరుస్తవ్. నా పేరుంటే భయముంటది" అంది.

సంగారెడ్డి చర్చిలో ఆమె జ్ఞాపక ప్రార్థన నాడు చాలామంది పెద్ద మాటలు చెప్పారు. నన్ను కూడా లేపారు. నాకు ఒక్క వాక్యమే వచ్చింది. "తన తప్పును మా మీద వెయ్యని మనిషి దగ్గర పని నేర్చుకున్నాను" అని కూర్చున్నాను. ఇప్పుడు షెడ్డులో తానం పోయించేది నేను. ఏదైనా చెడితే ముందు నేను చెప్పిన పనే తిరిగి చూసుకుంటాను. డబ్బా రోజూ నా సంచిలో ఉంటుంది. భయం కూడా.

చాయ్ వదిలేసి పక్కింటికి వెళ్లాను. సీలెంటు వేసే అతను కిటికీ మూడు వైపులా ముగించి నాలుగో వైపుకు వచ్చాడు.

"కింద జెర సందు ఇడువు అన్నా."

"ఇడిస్తే నీళ్లు రావా అక్కా?"

"పై నుంచి ఎట్లనన్న వస్తయి. వచ్చినయి పోవాలె గదా."

అతను ఇంటామె ముఖం చూశాడు. ఆమె నా ముఖం చూసి సరేనంది. సాయంత్రం గాలితో పాటు వాన వచ్చింది, ఈ ఏటి మొదటి పెద్ద వాన. తగ్గాక ఆమె నన్ను పిలిచింది. కిటికీ కింద నేను పరచమన్న పత్రిక అలాగే ఉంది. వంగి దాని అంచు పట్టుకొని నలిపాను. కరకరలాడింది. కిటికీ బయట, కింది సందులోంచి నీరు దారంలాగా పోతోంది. ఇంటామె పక్కనే ఉన్నా, అంత గట్టిగా చెప్పనక్కర లేకున్నా, తలుపు అవతలివాళ్లకు వినబడేలా అన్నాను:

"పొడిగున్నది!"