ఖాళీగా తిరిగొచ్చిన కంచం

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, కార్తీక మాసపు వానల్లో, నెల్లూరులో నేను పనిచేసే ఆసుపత్రివాళ్లు నన్ను గుండె జబ్బుల వార్డుకు మార్చారు. హోదా సీనియర్ డైటీషియన్. అంటే ఏ రోగికి ఏం పెట్టాలో, ఎంత పెట్టాలో కార్డు మీద రాసి వంటశాలకు పంపడం, తిన్నారో లేదో చూసుకోవడం నా పని. రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్లుంది. అప్పటికే నా నోటికి ఆసుపత్రిలో మంచి పేరే ఉండేది. ఆ మేడం వస్తోందంటే రోగులు దిండు కింద దాచిన ఊరగాయ సీసాలు మంచం కిందికి తోసేవాళ్లు. దానికి నేను లోలోపల గర్వపడేదాన్ని కూడా.

గుండె బలహీనపడితే ఒంట్లో నీరు నిలుస్తుంది. కాళ్లు ఉబ్బుతాయి, పడుకుంటే ఆయాసం వస్తుంది. అందుకని ఉప్పు బాగా తగ్గిస్తాం, తాగే నీళ్లకు కొలత పెడతాం, నీరు తీసే మందు ఇస్తాం. రోజూ పొద్దున టిఫినుకు ముందు బరువు చూస్తాం. బరువు తగ్గిందంటే నీరు పోతున్నట్టు. దాంతోపాటు నాకొక రిజిస్టరు ఉండేది. వంటశాలకు తిరిగొచ్చిన కంచాలు చూసి, ఎవరెంత తిన్నారో అందులో రాయాలి. కంచం ఖాళీగా వస్తే ‘పూర్తి’ అని రాసేవాళ్లం.

పోలయ్య పులికాట్ సరస్సు ఒడ్డున చేపల వేటకు పోయే మనిషి. అరవై దాటింది. కాళ్లు రెండూ ఉబ్బి, నాలుగు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటూ చేరాడు. తోడు ఆయన భార్య రమణమ్మ. మొదటి రోజు మధ్యాహ్నం ఆయన కంచం వెళ్లింది వెళ్లినట్టే తిరిగొచ్చింది. నేను నేరుగా మంచం దగ్గరికి వెళ్లాను. చప్పిడి కూడు దిగడం లేదని, రెండు ఎండు నెత్తళ్ల చేపలు కాల్చి పక్కన పెడితే అన్నమంతా తినేస్తానని ఆయన బతిమాలాడు. నాకు ఒళ్లు మండింది. ఎండుచేప అంటేనే ఉప్పు. ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగక తప్పదని సామెత, ఆ నీళ్లే కదా మేం తోడి పోస్తున్నది!

“బతకాలనుంటే కంచం ఖాళీ కావాలి. లేదంటే పేరు కొట్టించుకుని ఇంటికి పొండి” అన్నాను. వార్డంతా విన్నది. ఆయన తల దించుకున్నాడు.

ఆ పూట నుంచి కంచం ఖాళీగా వచ్చింది. అన్నం, పప్పు, కూర, గుడ్డు, ఏదీ మిగల్లేదు. నేను వరసగా ‘పూర్తి’ అని రాసుకుంటూ పోయాను. బరువు కూడా రోజురోజుకూ తగ్గింది. వారం తిరిగేసరికి కాళ్ల వాపు తీసింది. వాపు పోయాక కూడా బరువు తగ్గుతూనే ఉంటే డాక్టరుగారు ఒకసారి నన్ను అడిగారు, తిండి సరిగ్గా తింటున్నాడా అని. నేను రిజిస్టరు చూపించాను. అంత బాగా తింటున్న మనిషి బరువు తగ్గుతున్నాడంటే లోపల ఇంకా నీరుందనుకుని ఆయన నీరు తీసే మందు కొనసాగించారు. ఆయన నా రాతను నమ్మారు. నేను కంచాన్ని నమ్మాను. జబ్బ చుట్టుకొలత చూసే టేపు నా కోటు జేబులోనే ఉంది. ఒక్కసారి చుట్టి చూసినా కండ కరిగిపోతోందని తెలిసేది. చూడలేదు.

పన్నెండో రోజు కంచాలు తీసే ఆయమ్మ సెలవు పెడితే నేనే వార్డులోకి వెళ్లాను. పోలయ్య గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. మంచం పక్కన నేల మీద, వీపు నావైపు పెట్టి, రమణమ్మ ఆయన కంచంలో అన్నం తింటోంది. మా దగ్గర భోజనం రోగికే, తోడున్నవాళ్లు బయట తినాలి. రోగి నోటి దగ్గరి కూడు లాక్కుంటున్నదనుకుని కేకలేశాను. ఆమె చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

“ఆయనకి గొంతు దిగలా మేడం. కంచంలో మిగిలితే మీరు ఇంటికి పంపేస్తారని, నన్ను తినమన్నాడు. ఆయన గలాసుడు గంజి తాగతా ఉండాడు, అంతే” అంది.

పోలయ్య మెల్లగా ఇటు తిరిగాడు. కణతలు గుంటలు పడి ఉన్నాయి. పన్నెండు రోజులుగా నా కళ్లెదురుగానే పడ్డ గుంటలవి.

“దాన్ని కోప్పడబాకమ్మా. కంచం ఖాళీ చేస్తానే ఉండాము గదా” అన్నాడు.

నేనేం మాట్లాడానో గుర్తు లేదు. సిగ్గు మాత్రం గుర్తుంది.

ఆ సాయంత్రమే మందు తగ్గించారు. నేను పచ్చి చేపతో పులుసు చేయించాను. అందులో ఉప్పు వెయ్యకుండా, ఆయనకు రోజుకు ఇవ్వదగిన ఉప్పులోంచే చిటికెడు పైన చల్లించాను. పైన చల్లిన ఉప్పు నాలుకకు బాగా తెలుస్తుంది. చింతపండు, మిరియాలు, వెల్లుల్లి దండిగా పడ్డాయి. ఆయన నాలుగు ముద్దలు తిన్నాడు. ఇదంతా మొదటి రోజే చెయ్యొచ్చు. నాకు తెలియని విద్య కాదు, వంటశాలలో ఒక్కరి కోసం వేరే గిన్నె పెట్టించడం బద్ధకమైంది, అంతే. రెండు రోజులకు ఊపిరితిత్తులకు నిమ్ము చేరింది. దగ్గి కఫం బయటికి తెచ్చే సత్తువ ఆ ఒంట్లో లేకపోయింది. ముక్కులోంచి గొట్టం వేసి ఆహారం పంపినా అప్పటికప్పుడు కండ పుట్టదు. ఐదో రోజు పోయాడు.

గుండె అంత బలహీనంగా ఉన్నవాడు ఎలాగూ ఎక్కువ కాలం ఉండేవాడు కాదని డాక్టరుగారు నాకు సర్దిచెప్పారు. కావచ్చు. తిండి ఉంటే ఆ దగ్గు దగ్గగలిగేవాడని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆ తర్వాత, ఉద్యోగం ఉన్నన్నాళ్లూ, కంచం చూసి ‘పూర్తి’ అని రాయలేదు. గుండె రోగి మొదటి మూడు రోజులు తింటుంటే పక్కన స్టూలు వేసుకుని కూర్చునేదాన్ని. వాపు తీసిన రోజున జబ్బకు టేపు చుట్టేదాన్ని. పనిలో నేర్చుకున్నది అది. అంతకన్నా ఆలస్యంగా తెలిసింది ఇంకొకటుంది. డైటీషియన్‌కు భయపడే రోగి తిండి తినడు, తిన్నట్టు చూపిస్తాడు. పోలయ్య అబద్ధమాడే మనిషి కాదు. ఆ అబద్ధం ఆయనకు నేర్పింది నేను.