చిన్ని క్లాసుకి నేను పట్టుకెళ్ళిన బిస్కెట్లు

పొద్దున మీ అమ్మ ఫ్రిజ్‌లోంచి ఓ అట్ట గొట్టం తీసి మెలితిప్పితే, అది టప్పుమని పగిలి లోపలి బిస్కెట్ల పిండి ఉబ్బి బయటికొచ్చింది. బిళ్ళలు విడదీసి అవెన్‌లో పెట్టేసి తను మీటింగ్ అంటూ పైకెళ్ళిపోయింది. కాసేపటికి వెన్న కాగి పిండి ఎర్రబడే వాసన ఈ అల్ఫారెట్టా ఇల్లంతా నిండింది. కింద నేనొక్కదాన్నే ఉన్నా నా చెవులు వేడెక్కాయి. ఇన్నేళ్ళైనా ఆ వాసనకి నాకు సిగ్గేస్తుంది చిన్నీ. ఎందుకో నీకు తెలుసు. మీ అన్నయ్య బాబీకి తెలీదు, వాడికీ చెబుతున్నా, ఈ రికార్డింగ్ ఇద్దరూ వినండి.

అప్పుడు మనం ఈ అమెరికాలోనే బెంటన్‌విల్‌లో ఉండేవాళ్ళం. సెప్టెంబరొస్తే వెనక ఓక్ చెట్ల కాయలు చెక్క డెక్ మీద టపటపా రాలుతుండేవి, బాబీ వాటిని ఏరి జేబుల్లో కుక్కుకుని మర్చిపోతే వాషింగ్ మెషీన్ గలగలలాడేది, నువ్వేమో వినాయక చవితికి నేను చేసిన ఉండ్రాళ్ళని కార్పెట్ మీద గోళీల్లా దొర్లించి, ఊదుకుని మరీ తినేదానివి. ఎక్కడికెళ్ళాలన్నా కారే. షాపుకెళ్తే నడుం మీద చెయ్యేసుకుని నా ముందు నిలబడి, "మా అమ్మమ్మకి ఇంగ్లీష్ రాదు, నేను చెప్తా" అనేదానివి. వాళ్ళన్నది మళ్ళీ నాకు తెలుగులో చెప్పడానికి ఒక్కో మాటా వెతుక్కుని, దొరక్కపోతే చేతులు తిప్పి, చివరికి ఎలాగో పూర్తి చేసి నా మొహంలోకి చూసేదానివి.

నేను ఏలూరు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో రిటైరయ్యేదాకా ట్రంకు కాల్స్ కలిపినదాన్ని. ఇంగ్లీషు చెవిలో పడుతూనే ఉండేది. ఇక్కడి యాస పట్టుబడటానికి కొంత కాలం పట్టింది, అంతే. పట్టుబడ్డాక కూడా నోరెత్తలేదు. నువ్వు నా కోసం తెలుగు వెతుక్కుంటుంటే వినడం ఎంత బాగుండేదనుకున్నావ్!

నువ్వు సెకండ్ గ్రేడ్‌లో ఉండగా ఓ రోజు స్కూల్ దగ్గర కార్ల లైన్లో నిన్ను ఎక్కించుకుంటుంటే మీ టీచరు కిటికీలోకి వంగి, "అమ్మమ్మలూ తాతయ్యల బ్రేక్‌ఫాస్ట్‌కి ఈవిడ బిస్కెట్లూ గ్రేవీ తెస్తున్నారుగా? ప్రతి శనివారం ఈవిడే చేస్తారని చిన్ని చెప్పింది" అని మీ అమ్మతో అంది. ఆ బిస్కెట్లు మనం టీలో ముంచుకునేవి కాదు, మెత్తటి బన్నుల్లాంటివి. గ్రేవీ అంటే పంది మాంసం సాసేజీని చిదిపి వేయించి, పిండీ పాలూ పోసి చేసే తెల్లటి చిక్కటి పులుసు. మన ఇంట్లో కోడీ చేపా వండుతాం గానీ, పంది మాంసం గడప దాటి ఎరగదు. మీ అమ్మ అద్దంలోంచి నీ వంక చూసింది. నువ్వు బూట్ల వంక చూసుకున్నావు.

"ఎందుకు చెప్పావే అలాగ?"

"అందరూ అదే చెప్పారు... నేనూ చెప్పా."

"పోనీలేవే, చిన్నపిల్ల. చేసేద్దాం" అన్నాను నేను.

పక్కింటి బానీ గారిది నా వయసే. ఎప్పుడు చూసినా వరండాలో ఏవో కాయలు వలుస్తూ కనపడే మనిషి. మీ అమ్మ వెళ్ళి అడిగితే, నన్ను చెయ్యి పట్టుకుని వాళ్ళ వంటింట్లోకి తీసుకెళ్ళింది. చల్లటి వెన్న పిండిలో వేసి రవ్వలా అయ్యేదాకా వేళ్ళతో నలపమంది. మజ్జిగ పొయ్యగానే నా చేతులు ఊరుకుంటాయా, చపాతీ పిండిలా పిసికెయ్యబోయాను. ఆవిడ "నో హనీ, నో" అంటూ నా మణికట్టు పట్టుకుంది. మొదటి వాయి రాళ్ళే. ఇనప పెనంలో సాసేజీ చిటపటలాడుతుంటే పైట ముక్కుకడ్డం పెట్టుకుందామనుకుని, ఆవిడ చూస్తోందని సిగ్గేసి మానేశాను. మిరియాల పొడి దట్టంగా చల్లి, అడుగంటకుండా తిప్పుతూ, నేను రుచి చూడకుండా, ఉప్పు మాత్రం ఆవిణ్ణే చూడమని సైగ చేశాను. ఆ సాయంత్రం ఏలూరు నుంచి మా చెల్లెలు ఫోన్ చేసి ఏం వండావంటే ఉప్మా అన్నాను.

బ్రేక్‌ఫాస్ట్ రోజు మీ క్లాసులో పొడుగు బల్లల మీద అందరి గిన్నెలూ వరసగా పెట్టారు. నేను వెంకటగిరి చీర మీద మీ అమ్మ స్వెట్టరూ, కాళ్ళకి స్పోర్ట్స్ షూసూ వేసుకుని ఓ మూల నిలబడ్డాను. మీ టీచరు నవ్వుతూ, ఈ వంట మీకెవరు నేర్పారని అడిగింది.

"మా అమ్మమ్మకి ఇంగ్లీష్ రాదు, నేను చెప్తా" అని నువ్వు పరిగెత్తుకొచ్చావు.

నేను నీకు మాత్రమే వినపడేలా, "ఇది మన వంట కాదమ్మా, బానీ గారు నేర్పింది. మా చిన్నప్పుడు పొద్దున్నే చద్దన్నం, పెరుగు, ఉల్లిపాయ" అన్నాను. నువ్వు తలూపుతూ అంతా విని, అటు తిరిగి, "వాళ్ళ అమ్మమ్మ నేర్పిందట. వాళ్ళకి పెద్ద ఫామ్ ఉండేదట. పందులు ఉండేవట" అన్నావు ఇంగ్లీషులో. ఏలూరులో మేమున్నది రెండు గదుల వాటా, పాలు కూడా కొనుక్కునేవాళ్ళం. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

వెనక నుంచి ఓ తాతగారు టోపీ తీసి, "ఇండియాలో పందులా? మేమూ పెంచుతాం. ఎన్నుండేవమ్మా మీకు?" అని నన్నే అడిగాడు. పాపం, ఆయన నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. నువ్వు నా వైపు తిరిగి, "అమ్మమ్మా..." అని ఆగిపోయావు. తెలుగూ రాలేదు, ఇంగ్లీషూ రాలేదు. క్లాసంతా నీ వంకే చూస్తోంది.

"టూ" అన్నాను. "టూ పిగ్స్. వెరీ ఫ్యాట్."

అందరూ గొల్లున నవ్వారు, ఆ తాతగారు ఒప్పుకున్నట్టు తలాడించి ఇంకో బిస్కెట్ మీద గ్రేవీ పోసుకున్నాడు. నువ్వొక్కదానివే నవ్వలేదు. నోరు తెరుచుకుని నన్నే చూస్తున్నావు. ఇన్నాళ్ళూ నా ముందే నువ్వు ఇంగ్లీషులో అన్నవన్నీ, అమ్మమ్మ దగ్గర నూనె వాసనొస్తుందని నీ ఫ్రెండుతో అన్నది కూడా, ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయని నీ మొహంలో కనపడింది. మెడ దాకా ఎర్రబడ్డావు. నీ సిగ్గు చూసి నాకు ఇంకా సిగ్గేసింది, దొంగతనంగా విన్నదాన్ని నేనే కదా.

ఆ తరవాత షాపుకెళ్ళినప్పుడు, పచ్చిమిరపకాయలెక్కడున్నాయో అడగవే అంటే, "యు కెన్ ఆస్క్, అమ్మమ్మా" అన్నావు. కోపంగా కాదు, మెల్లిగానే. ఇంట్లో కూడా నాతో ఇంగ్లీషే మొదలుపెట్టావు. నాకొచ్చని తెలిశాక ఇంక ఎవరికోసం వెతుక్కుంటావులే ఆ మాటలు!

ఇప్పుడు బెంటన్‌విల్‌లో మన ఇల్లు ఎవరిదో. బానీ గారు పోయిందని మీ అమ్మ ఎప్పుడో చెప్పింది. బాబీ ట్రాయ్‌లో, నువ్వింకా దూరంగా. తెలుగు నీకు అర్థమవుతుంది, అందుకే ఇలా చెబుతున్నా. నిన్న ఫోన్ చేసి, "డిడ్ యు ఈట్, అమ్మమ్మా?" అన్నావు. "యెస్, ఐ ఏట్" అన్నాను. "గుడ్" అన్నావు. అంతటితో అయిపోయింది. అదే తెలుగులోనైతే ఏం తిన్నావు, ఎవరు వండారు, ఉప్పు సరిపోయిందా అని ఇంకో నాలుగు మాటలుండేవి.