కడాయి పక్కన తడిసిన ఫోను

మా ఆర్మూరులో పసుపుకున్న మర్యాద ఫోనుకు లేదు. ఈ మాట ఎవరి ముందైనా అంటాను. కల్లంలో ఎండే కొమ్ముల మీద నాలుగు చినుకులు పడితే ఇల్లంతా పరదాలు పట్టుకుని పరుగెత్తుతుంది. అదే ఫోనునేమో తడి చేతులతో పట్టుకుంటారు, మోటారు స్టార్టర్ డబ్బా మీద పెట్టి మరిచిపోతారు, బటన్ల సందుల్లో పసుపు పొడి గట్టిపడితే పిన్నీసుతో పొడుస్తారు.

నేను బడి మొహం చూడలేదు. దుకాణాల బోర్డులు చూసి తెలుగు, బస్సుల మీది రాతలు చూసి ఇంగ్లిషు అక్షరాలు నేర్చుకున్నాను. నా మొదటి ఫోను డబ్బాలో వచ్చిన పుస్తకంలో ఎన్నో భాషలున్నాయి, తెలుగు లేదు. పసుపు అమ్మి ఫోను కొనేవాడికి చదువుకునే హక్కు లేదా? ఆ కోపంతోనే డిక్షనరీ ముందేసుకుని కూర్చుని మొత్తం చదివాను. అందరూ నవ్వారు.

ఆ ఏడు పసుపు ఉడకబెట్టే రోజుల్లో మా అక్క కొడుకు భార్య కాన్పుకని నిజామాబాద్ దవాఖానలో చేరింది. అక్క తోడుంది. ఆపరేషన్ అయితే రక్తం కావాల్సి రావచ్చని, మా మేనల్లుడిది సరిపోతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఇంకా టైం ఉందనడంతో వాడు పొద్దున్నే కల్లానికి వచ్చాడు. అవసరమైతే అక్క దవాఖాన ముందరి రూపాయి బిళ్ల ఫోను నుంచి వాడికి చేయాలి.

కడాయిలో పోయడానికి డ్రమ్ములోంచి నీళ్లు ముంచుతూ వంగాడు. చొక్కా జేబులోని ఫోను నీళ్లలో పడింది.

తీసి విదిలించి, బటన్ నొక్కాడు. తెర ఒకసారి మెరిసి ఆరిపోయింది. మళ్లీ నొక్కాడు. తర్వాత పొయ్యి దగ్గరికి పరుగెత్తి సెగకు పట్టాడు.

"అరేయ్, తీయ్! బ్యాటరీ పేలుతది!"

"గింత పసుపు ఎండవెడ్తున్నం, గీ ఫోన్ ఎండదా మామా?"

"ఎండుతది. నీ మూతి గూడ కాలుతది. ఇటు తే."

"అమ్మ కాడ గీ నంబరొక్కటే ఉన్నది!"

"నంబర్ సిమ్ముల ఉంటది, డబ్బల గాదు. తే అంటున్న!"

లాక్కున్నాను. ఆ పుస్తకంలో చదివినట్టే మూత తీసి, బ్యాటరీ ఊడదీసి, సిమ్ము బయటికి లాగి భుజం మీది తువ్వాలతో తుడిచాను. నా ఫోను ఆపి, అందులోని నా సిమ్ము తీసి వాడిది వేశాను. తెర మీద సిగ్నల్ గీతలు లేచాయి. కాసేపటికే మోగింది.

"ఎప్పటిసంది చేస్తున్నరా, కలుస్తలేదు!" అక్క కేకలు మా ఇద్దరికీ వినబడ్డాయి. "కోడల్ని లోపటికి తీస్కపోయిండ్రు. రక్తం కావాల్నంట, జల్ది రా!"

వాడు బండి స్టార్ట్ చేసి ఫోను కోసం చేయి చాపాడు.

"ఫోన్ నా కాడ్నే ఉంటది. నేన్ ఎనుక కూసుంట," అన్నాను.

సగం దారిలో మళ్లీ మోగింది. ముందర లారీ, వెనక లారీ. వాడు ఎడమ చేయి వెనక్కి చాపాడు.

"ఇయ్యి మామా!"

"బండి ఆపు ముందుగాల."

"ఆడ నా పెండ్లాం పానం మీదికొచ్చింది, నీకు రూల్సు గావాల్నా?"

"నువ్వు పడితే రక్తం ఎవడిస్తడురా?"

తిట్టుకుంటూ పక్కకు ఆపాడు. ఫోను చెవికి పెట్టుకున్నాడు. "యాడిదాక వచ్చిండ్రు?" అంది అక్క. అంతే. ఆ ఒక్క మాట వినడానికి లారీల మధ్య ఒంటిచేత్తో బండి నడిపేవాడు!

మేం చేరేసరికి నర్సమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. వాడు చొక్కా చేయి మడిచి మంచం మీద పడుకున్నాడు. సాయంత్రానికి కోడలు కళ్లు తెరిచి, బిడ్డను పక్కన పడుకోబెట్టమంది.