అడగనిదే గెడ ముట్టని మామగారు

మా మామగారు ముత్యాలరావుగారు ఏ వస్తువునైనా ముట్టుకునే ముందు దాన్ని మన్నించమని అడిగేవారు. వేళాకోళానికి కాదు. చేతులు రెండూ జోడించి, పైకి వినబడేటట్టు అడిగేవారు. తలుపు తియ్యాలంటే తలుపుని, నీళ్ళు ముంచాలంటే ముందు చెంబుని, ఆ తర్వాత నీళ్ళని. తుమ్ము వచ్చినప్పుడు మాత్రం ఎవర్ని అడగాలో తోచక కాస్త ఇబ్బందిపడేవారు.

ఈ సంగతి పెళ్ళికి ముందు నాకెవరూ చెప్పలేదు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రెండేళ్ళకి, తాడేపల్లిగూడెంలో రోడ్డూ రైలూ చూస్తూ పెరిగిన నన్ను, కొల్లేటి మధ్య లంకలో ఉన్న ఈ ఇంటికిచ్చారు. మా ఆయనకి ఏలూరు జనపనార మిల్లులో పని, ఆదివారాలే వస్తారు. కాపురానికి వచ్చిన మర్నాడు తెల్లవారుతూండగా అరుగు మీంచి మామగారి గొంతు వినబడింది.

"తప్పయింది తల్లీ, మన్నించు. కాలు పెడుతున్నాను."

కొత్తకోడలు వినకూడని మాటేదో విన్నాననుకుని వంటింట్లోకి పరుగెత్తాను. మా అత్తగారు గంగారత్నంగారు తీరిగ్గా పొయ్యి ఊదుకుంటున్నారు.

"అత్తయ్యగారూ, మావయ్యగారు ఎవరికండీ చెబుతున్నారు?"

"నేలకమ్మా."

"నేలకా!"

"మంచం దిగాలిగా మరి. నాకనుకున్నావా? ముప్ఫై ఏళ్ళయింది నేనీ ఇంటికొచ్చి. చీపురుకి చెప్పారు, చేటకి చెప్పారు, తోక తొక్కకపోయినా పిల్లికి చెప్పారు. నాకు మటుకు ఒక్కనాడు చెబితే ఒట్టు."

నేను నోరు తెరిచాను. ఆ ఇంట్లో తర్వాత చాలాకాలం దాన్ని పూర్తిగా మూసే అవకాశం రాలేదు.

వారం రోజులు ఓపిక పట్టి, ఉండబట్టలేక మామగారినే అడిగేశాను. ఆయన నా ప్రశ్నకి ముచ్చటపడ్డారు.

"చిన్నప్పుడు ఒక సాధువు చెప్పాడమ్మాయ్. పొద్దున్నే నేల మీద కాలు పెట్టేముందు, తొక్కుతున్నందుకు మన్నించమని అడగమన్నాడు. అడిగాను. బావుంది. మరి నేలకొక్కదానికే చెప్పి మిగతావాటికి మానేస్తే పక్షపాతం అవదూ? రోజంతా మన పని చేసి పెట్టేది దోనె తోసే గెడ, దోనె, వల. అడిగి పట్టుకుంటే, ఏం పట్టుకున్నామో తెలుస్తుంది. లేకపోతే పొద్దుటికీ మాపుకీ తేడా లేకుండా రోజు జారిపోద్ది."

"మరి అత్తయ్యగారికి ఎందుకు చెప్పరండీ?"

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "నేను వాడుకునేవాటికి గదా చెప్పేది! ఈ ఇంట్లో వాడుకునేది మీ అత్తయ్య. వాడబడేది నేను."

చేపల విషయం మరీ ఘోరం. బుట్టలో పడిన ప్రతి కొర్రమీనునీ ఆయన విడివిడిగా పలకరించేవారు. సగం చేపలు ఆ మంచి మాటలు విని, ఎగిరి కొల్లేట్లో పడి ఇంటికి పోయేవి.

ఒకసారి నన్ను పుట్టింట్లో దింపడానికి ఆయనే తోడొచ్చారు. ఆకివీడులో రైలెక్కబోయాం. నేనూ సంచీలూ రైలు పెట్టెలోకి చేరాం. మామగారు రైలు మెట్టు ముందు చేతులు జోడించి నిలబడ్డారు. గార్డు జెండా పట్టుకుని వచ్చాడు.

"ఏవండీ పెద్దాయనా, ఎక్కుతారా, దండం పెడతారా?"

"రెండూనండి. ఇదయ్యాక అది."

మెట్టుకి చెప్పడం అయింది. పట్టుకోబోయే కమ్మీకి చెబుతూండగా బండి కదిలింది. కిటికీలోంచి నేను కేకలు పెడుతుంటే, ఆయన ప్లాట్‌ఫారం మీద నిలబడి, వెళ్ళిపోతున్న రైలుని ఆలస్యం చేసినందుకు మన్నించమంటున్నారు.

ఇలాంటి మనిషి మీదికి దొంగతనం వచ్చిందంటే నమ్ముతారా? నేనూ నమ్మలేదు. కానీ నా కళ్ళముందే జరిగింది.

మా లంకవాళ్ళు నీళ్ళలో వెదురు పుల్లల బుట్టలు పెట్టి చేపలు పడతారు. మావులంటారు వాటిని. ఒకరి మావు ఇంకొకరు ఎత్తడం కన్నతల్లిని తిట్టడంతో సమానం. ఎత్తిన మనిషి పెద్దల ముందు ఒప్పుకుని, నెల్లాళ్ళు కొల్లేట్లోకి దిగకూడదు. ఎవరూ ఒప్పుకోకపోతే ఇంటికొకరు చొప్పున తడిబట్టలతో మా కొల్లేటి అమ్మవారు పెద్దింట్లమ్మ పటం ముందు ప్రమాణం చెయ్యాలి. ఆ శీతాకాలం మా లంకలోనే ఉండే ఏడుకొండలు అనే అతని మావు ఎవరో ఎత్తి, చేపలు తీసుకుని, మూతి ఇంకో రకంగా ముడేసి పోయారు.

కులపెద్ద బలరామయ్యగారు అందర్నీ తన వాకిట్లో కూర్చోబెట్టి అడిగారు. ఎవరూ ఒప్పుకోలేదు. ప్రమాణాలు మొదలయ్యాయి. మా పక్కింటి కనకరత్నం వంతు వచ్చింది. ఆమె మొగుడు చలిజ్వరంతో మంచం పట్టి ఉన్నాడు. ఆమె ఒక్కతే దోనె తోసుకుని నాలుగు చేపలు తెస్తేనే ఆ ఇంట్లో గంజి. తడిచీరతో నిలబడి వణుకుతోంది కానీ, అడుగు ముందుకు పడటం లేదు. ఒట్టు వేస్తే మంచం మీద మొగుడికేమవుతుందోనని భయం, వెయ్యకపోతే నెల్లాళ్ళు పస్తు. మావు ఎత్తింది ఎవరో నాకప్పుడు అర్థమైంది.

అప్పుడు మా మామగారు లేచారు.

"ఆ తప్పు నాదేనండి."

నా నోరు మళ్ళీ తెరుచుకుంది. మిగతా అందరూ మాత్రం పకపకా నవ్వారు.

"నువ్వూరుకో ముత్యాలూ," అన్నారు బలరామయ్యగారు. "నీ తప్పులు లెక్కలోకి రావు. ఇందాకేగా మా గుమ్మానికి చెప్పుకుని లోపలికొచ్చావు!"

"ఇది అలాంటిది కాదండి. నిజంగా నాదేనండి."

ఏడుకొండలు విసుక్కున్నాడు. "నువ్వెత్తితే నాకు వినబడదా మావా? నువ్వు దాన్ని బతిమాలుకుంటుంటే లంకంతా లేచి కూర్చుంటుంది. ఆ పూట ఒక్క మాటైనా వినబళ్ళేదే!"

మామగారు తల వంచుకున్నారు. "అడగలేదండి."

"ఏంటీ?"

"ఆ మావుని మన్నించమని నేను అడగలేదండి."

బలరామయ్యగారు నులకమంచం మీంచి లేచి నిలబడ్డారు. ఒక ముసలమ్మ లెంపలు వాయించుకుంది. చేపల దొంగని పట్టుకోడానికి వచ్చినవాళ్ళంతా చేపల్ని మర్చిపోయారు.

"ముత్యాలరావు అడక్కుండా ముట్టుకున్నాడా!" అన్నారు బలరామయ్యగారు. "ఎంత కష్టం వచ్చిందయ్యా నీకు!"

అంత ఘోరమైన మాట ఎవరూ తమ మీద కావాలని వేసుకోరుగదా, అందుకని వెంటనే నమ్మేశారు. ప్రమాణాలు ఆగిపోయాయి. కనకరత్నం అక్కడే కూలబడింది.

ఇంటికొచ్చాక అత్తగారు శివాలెత్తారు. "మన మావుల్లో చేపల్లేవా? పరువంతా కొల్లేట్లో కలిపారు గదా!"

ఆయన వల కుట్టుకుంటున్నారు. నేను దగ్గరికెళ్ళాను. "మావయ్యగారూ, నిజంగానే అడక్కుండా ఎత్తారా?"

"ఎత్తితేగా అమ్మాయ్ అడగడానికి! ఎత్తలేదు, అడగలేదు. అడగలేదనేగా చెప్పాను."

"తప్పు మీదేనన్నారు గదండీ!"

ఆయన సూది పక్కన పెట్టారు. "పక్కింటి పొయ్యిలోంచి రెండు రోజులనించి పొగ రాలేదు. రోజూ ఆ గుమ్మం ముందునించే పోతున్నాను. గెడకి చెప్పాను, దారికి చెప్పాను, వాళ్ళ కంచెకి కూడా చెప్పాను. లోపల మనుషులు తిన్నారో లేదో తల తిప్పి చూళ్ళేదు. అది ఎవరి తప్పు?"

అత్తగారి కోపం అక్కడికక్కడే ఆగిపోయింది. అన్నం గిన్నె చెంగు కింద పెట్టుకుని పక్కింటికి వెళ్ళారు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. అంతలో మామగారు, మాటల్లో పడి మధ్యలో వదిలేసినందుకు సూదిని మన్నించమంటుంటే నవ్వొచ్చేసింది.

ఆ నెల్లాళ్ళూ దోనె మీద అత్తగారూ నేనూ వెళ్ళాం. తాడేపల్లిగూడెం పిల్ల గెడ వెయ్యడం చూసి కొల్లేటి కొంగలు కూడా నివ్వెరపోయి ఉంటాయి. తెచ్చిన చేపల్లో ఒక వాటా కనకరత్నం ఇంటికి వెళ్ళేది. ఆమె మొగుడు లేచి తిరిగే వేళకి ఏడుకొండలు రొప్పుతూ బలరామయ్యగారి దగ్గరికి పరుగెత్తాడు. తన మావు మూతి మళ్ళీ ఎవరో వెనకటి రకంగానే ముడేశారట, లోపల తను ఎప్పుడూ పట్టనంత పెద్ద కొర్రమీను ఉందట. ఒకరి మావులో చేప పెట్టినందుకు ఏం శిక్ష వెయ్యాలో బలరామయ్యగారికి తెలియలేదు.

"ఇది మాత్రం నేను కాదండి," అన్నారు మా మామగారు.

ఇంటి దగ్గర వంట ఆయనదే. పొయ్యికీ, కుండకీ, బియ్యానికీ, ఒక్కో వంకాయకీ చెప్పుకుని అన్నం వార్చేసరికి పొద్దు వాలేది. నెల పూర్తయిన రోజు మేమిద్దరం తడిసి ఇంటికి వచ్చాం. మామగారు గుమ్మంలో ఎదురొచ్చి, అత్తగారి ముందు చేతులు జోడించారు.

"మన్నించవే గంగారత్నం. ముప్ఫై ఏళ్ళు నీచేత ఇంత చాకిరీ చేయించుకున్నాను. ఒక్కసారీ అడగలేదు."

అత్తగారి చేతిలో బుట్ట జారింది. ఈసారి నోరు తెరిచింది నేను కాదు, ఆవిడ. ఆవిడకి మాట రాకపోవడం నేను చూడటం అదే మొదలు.

మర్నాటినించీ పొద్దున్నే నేలకంటే ముందు ఆవిడకే చెప్పడం మొదలుపెట్టారు. కాఫీ ఇస్తే చెప్పేవారు, తువ్వాలు అందిస్తే చెప్పేవారు, ఆవిడ పక్కనుంచి నడిచినా చెప్పేవారు. నాలుగు రోజులు అత్తగారు మురిసిపోయారు. అయిదోరోజు తెల్లవారుతూండగా అరుగు మీంచి ఆవిడ గొంతు వినబడింది.

"మన్నించాను, మన్నించాను, మన్నించాను! ఇంక లేచెళ్ళి ఆ గెడకి చెప్పుకోండి. పాపం, దాన్ని పలకరించి నెల దాటిపోయింది."