లోవెల్ తీసేయని కాపలా

లోవెల్ హౌగ్‌డాల్ పని సవ్యంగా చేసినన్నాళ్లూ అతను ఏం చేస్తాడో ఆ ఊళ్లో ఎవరికీ పట్టదు. ఉత్తర మిన్నెసోటాలో సరస్సుల మధ్య, సెల్ సిగ్నల్ అందని నాలుగు వందల ఇళ్లకు ఫోన్లూ ఈమెయిళ్లూ నడిపే సహకార సంఘంలో మెయిల్ కంప్యూటర్ అతని బాధ్యత. ఇరవై ఆరేళ్లుగా అదే కుర్చీ, అదే సొట్టపడ్డ ఫ్లాస్కు. మెయిల్ ఆగిన రోజు మాత్రం ఊరంతా అతని పేరే జపిస్తుంది.

ఆ మంగళవారం ఉదయం ఎనిమిదిన్నరకు ఆర్డిస్ పెల్టో వచ్చి, కోటు కూడా విప్పకుండా అతని వెనక కుర్చీలో కూర్చుంది. డెబ్బై రెండేళ్ల మనిషి, పుట్టుచెవుడు. ఆమె భర్త రైనో రెండు గంటల దూరంలో డులూత్ ఆసుపత్రిలో ఉన్నాడు. అయిదు రోజులు పక్కనే ఉండి, కోళ్లను చూసుకోవడానికి ముందురోజే ఇంటికొచ్చింది. పొద్దున్నే మెయిల్ రాస్తానని నర్సు మాటిచ్చింది. ఆర్డిస్ చిన్న నోటుపుస్తకం తీసి, "ఏమీ రాలేదు" అని రాసి చూపించింది.

ఆ ఉదయం ఎవరికీ ఏమీ రాలేదు. వచ్చే ప్రతి ఉత్తరాన్నీ తనిఖీ చేసి లోపలికి పంపే ఫిల్టర్ మొండికేసింది. అది లేచేదాకా ఉత్తరాలన్నీ బయటే పడిగాపులు కాయాలి. తెరమీద ఒకటే మాట: అనుమతి లేదు. ఏ ప్రోగ్రామ్ ఏ ఫైలు ముట్టుకోవచ్చో కనిపెట్టుకుని ఉండే కాపలా ప్రోగ్రామ్ ఒకటుంది. అడ్డుకుంటున్నది అదే.

ఆఫీసు మేనేజరు బ్రెక్కే కాఫీ పట్టుకుని వచ్చింది.

"ఆసుపత్రికి ఫోన్ చేశానయ్యా. భార్యకు తప్ప ఇంకెవరికీ చెప్పరట. ఆవిడకి వినపడదమ్మా అంటే, రూలంటే రూలే అంటోంది ఆ పిల్ల."

లోవెల్ తల తిప్పలేదు.

"ఆ కాపలా పీకి పారెయ్ లోవెల్. ఒక్క నిమిషం పనేగా!"

"తీయను."

"నా కోసమైతే ఆగకు. అదంతా ఎప్పుడో మర్చిపోయా."

మర్చిపోలేదని ఇద్దరికీ తెలుసు. మూడేళ్ల కిందట ఇలాగే మెయిల్ ఆగితే, పది నిమిషాలకని లోవెల్ ఆ కాపలా తీశాడు. మళ్లీ పెట్టడం మూడు వారాలు మర్చిపోయాడు. దొంగలు చొరబడి ఊళ్లోవాళ్ల పేర్లతో ఉత్తరాలు పంపారు. బ్రెక్కే భర్త పోయి అప్పటికి రెండు నెలలు. ఆయన పేరుతోనే ఆమెకు ఉత్తరం వచ్చింది: "ఎలా ఉన్నావ్?" ఆమె జవాబు రాసింది. అదీ అసలు దారుణం. తప్పు ఒప్పుకోవడానికి వెళ్లిన రోజు ఆమె ముఖం ఎలా ఉందో లోవెల్ ఇప్పటికీ తలచుకోలేడు.

అతను ఫిల్టర్‌ను ఆపి లేపాడు, హక్కులు ఇచ్చి చూశాడు, విప్పి మళ్లీ బిగించాడు. వెనక కుర్చీలో ఆర్డిస్ నోటుపుస్తకం ఒళ్లో పెట్టుకుని తెరనే చూస్తోంది. కోపమొచ్చి ఎవరైనా నాలుగు తిడితే బాగుండుననిపించింది.

చివరికి పదికి పది నిమిషాలుందనగా కాపలా రాసుకున్న చిట్టాలో కారణం దొరికింది. ముందురోజు సాయంత్రం లోవెల్ చెత్త ఉత్తరాలవాళ్ల కొత్త జాబితా తన సొంత ఫోల్డర్‌లో తయారుచేసి, ఇంటికెళ్లే తొందరలో ఫిల్టర్ చోటికి జరిపేశాడు. ఫైలు పుట్టిన చోటును బట్టి దానికో లేబుల్ పడుతుంది. నకలు తీసి పెడితే కొత్త చోటి లేబుల్ వస్తుంది. జరిపితే పాతదే అంటిపెట్టుకుని వస్తుంది. ఇంకొకరి సొంత సరుకు ముట్టుకుంటావా అని కాపలా ఫిల్టర్‌ను నిలబెట్టేసింది. కాపలా తప్పేం లేదు. జరపొద్దని కొత్తగా చేరిన ప్రతివాడికీ తలంటింది లోవెల్లే.

లేబుళ్లు సరిచేయడానికి ఒక్క లైను టైపు చేశాడు. ఫిల్టర్ లేచింది.

పది దాటాక ఆర్డిస్‌కు రెండు ఉత్తరాలు ఒకేసారి వచ్చాయి. ఆమె కళ్లద్దాలు సర్దుకుని అతని తెరమీదే చదివింది. మొదటిది ఎనిమిదీ పదికి పంపింది: రాత్రి నుంచి బాగోలేదు, మిమ్మల్నే అడుగుతున్నారు, వెంటనే బయల్దేరండి. రెండోది మూడే వాక్యాలు. రైనో తొమ్మిదీ నలభై ఒకటికి పోయాడు.

బ్రెక్కే చేత్తో నోరు మూసుకుని గోడవైపు తిరిగింది.

లోవెల్ నోటుపుస్తకం తీసుకుని, "తప్పు నాది. ఫైలు నేనే జరిపాను" అని రాశాడు. అక్కడితో ఆగలేకపోయాడు. దాని కింద లెక్క కట్టాడు: ఎనిమిదీ పదికి బయల్దేరినా పదీ పదికి గానీ చేరలేరు. రాసిన మరుక్షణం సిగ్గుతో చచ్చిపోయాడు, కానీ పుస్తకం అప్పటికే ఆమె చేతిలో ఉంది.

ఆర్డిస్ ఆ లెక్క రెండుసార్లు చదివింది. పెన్ను తీసుకుని నింపాదిగా రాసింది.

"చేరలేను, నిజమే లోవెల్. కానీ ఆయన పోయేటప్పుడు నేను ఆయన దగ్గరికి వెళ్తూ ఉండేదాన్ని."