స్టార్టరు పెట్టె మీద తువ్వాలు

మా ఈపూరు వైపు పొలాల్లో ఒక పద్ధతి ఉంది. మోటారులో చెయ్యి పెట్టి పని చేసేవాడు ముందుగా భుజం మీది తువ్వాలు తీసి స్టార్టరు పెట్టెకి వేలాడదీస్తాడు. లోపల చెయ్యి ఉంది, మీట ముట్టుకోవద్దని దానర్థం. పని అయ్యాక ఆ తువ్వాలును వేసినవాడే తీయాలి. ఇంకొకరు తీయరు. తువ్వాలు ఉండగా మీట వేసినవాణ్ని నేను ఎరగను. నేనే వేశాను. మూడేళ్లుగా ఆ నింద వేరే మనిషి మోస్తున్నాడు. దాన్ని నా మీదకి తెచ్చుకోవడానికే ఇది రాస్తున్నాను.

నరసరావుపేటలో ఒక కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. ఊళ్లో మా పెదనాన్న కొడుకుదీ నాదీ పక్కపక్క పొలాలు. నా వాటా కూడా అన్నయ్యే చేస్తాడు. కాలవ గట్టున ఇద్దరికీ ఒకటే పంపు. దానికి ఫోన్ కొడితే మోటారు తిరిగే పెట్టె ఒక మెకానిక్ చేత పెట్టించాం. కరెంటు రాగానే దానంతటదే తిరగాలంటే ఆటోలో పెట్టాలి. ఆటో తీసేస్తే ఫోన్ కొట్టాలి, లేదంటే అక్కడికెళ్లి మీట నొక్కాలి. పెట్టెలో వేసే సిమ్ము నా పేరున తీసుకున్నాం కాబట్టి అందులో ఎక్కించిన మొదటి నంబరు నాదే. మోటారు ఏం చేసినా ఒక ఆడగొంతు నాకే ఫోన్ చేసి చెప్పేది.

ఆ రోజు పాఠం స్టార్ట్ అనే క్రియ. మా పిల్లలకి అన్నిటికీ అదొక్కటే. పెళ్లి స్టార్ట్, వాన స్టార్ట్, అన్నం తినడం స్టార్ట్. దాని చుట్టాలందరినీ బోర్డు మీద నిలబెట్టాను. వానకి స్టార్ట్ అన్నా బిగిన్ అన్నా ఒకటే. కమెన్స్ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చిన మాట, హాల్ టికెట్ మీదా కోర్టు కాగితం మీదా కనపడుతుంది గానీ ఇంట్లో కనపడదు. ప్రయాణానికి సెట్ అవుట్ ఉంది. యంత్రానికి మాత్రం స్టార్ట్ ఒక్కటే. మోటారు బిగిన్ అవదు, కమెన్స్ అవదు.

"మా నాన్న బండి స్టార్టూ అవదు సార్, తోయాల్సిందే," అన్నాడు వెనక బెంచీ వాడు.

అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చింది. ఇంకాస్త కావాలనిపించింది. పదకొండు దాటింది, పొలాలకి మూడు ఫేజుల కరెంటు ఉండే వేళ. జేబులోంచి ఫోన్ తీసి, స్పీకర్ పెట్టి, ముప్పై మైళ్ల లోపు ఉన్న మా పంపుకి కొట్టాను.

"నమస్కారం. మోటారు స్టార్ట్ అయింది."

క్లాసంతా చప్పట్లు. నేను తిరిగి సుద్దముక్క పట్టుకున్నాను. ఒక వాక్యం రాశానో లేదో ఫోన్ మోగింది. స్పీకర్ ఇంకా తీయలేదు.

"నమస్కారం. లోడు ఎక్కువై మోటారు ఆగిపోయింది."

అదే గొంతు. గొంతులో అదే నవ్వు. "ఆవిడ అలిగింది సార్," అన్నారెవరో. నేనూ నవ్వాను.

పంపు ఇరుసు దగ్గర నీళ్లు కారకుండా ఒక తాడు చుడతారు. ఆ వేళకి అన్నయ్య ఆ తాడు మారుస్తున్నాడు. ఆటో తీసేసి, తువ్వాలు వేసి, చెయ్యి పెట్టాడు. ఫ్యూజులు పీకలేదు. తువ్వాలు వేశాక మావాళ్లెవరూ పీకరు. కుడిచేతి మూడు వేళ్లు పోయాయి.

పేట ఆసుపత్రికి తీసుకొస్తే ముందు చేరింది నేనే. మత్తులోంచి కళ్లు తెరిచి అడిగాడు.

"నువ్వేమన్నా ఫోన్ కొట్టావేంట్రా?"

"నేను క్లాసులో ఉన్నానన్నయ్యా."

"అదీ గదా. నీకేం పని. ఆ మెకానిక్ తిక్క వైరింగేదో చేసుంటాడు. దానంతటదే లేచింది."

నేను చెప్పింది నిజమే. ఇన్నేళ్లూ దాని వెనకే దాక్కున్నాను.

మెకానిక్‌ను ఊళ్లో పదిమంది ముందు నిలబెట్టారు. నేనూ వెళ్లాను. "ఆటో తీసేసుంది. అట్టాంటప్పుడు దానంతటదే ఎట్టా లేచుద్దయ్యా?" అని అతను పది సార్లు అడిగాడు. "నీ చెయ్యి పెట్టి చూపించరాదూ?" అన్నాడొకడు. అతను నా వైపు తిరిగి, "సార్, మీరేమన్నా..." అనబోయాడు. "వాడు క్లాసులో ఉన్నాడయ్యా," అన్నాడు అన్నయ్య. నేను నేల చూస్తూ నిలబడ్డాను. ఆ సాయంత్రమే అతను పెట్టె ఊడదీసుకుని వెళ్లిపోయాడు. దయ్యప్పెట్టెలు పెట్టేవాడని పేరు పడింది. ఆ చుట్టుపక్కల ఎవరూ పనికి పిలవలేదు.

నెల తర్వాత కాలేజీలో మధ్యాహ్నం అన్నం తింటున్నాను. ఫోన్ మోగింది.

"నమస్కారం. మోటారు స్టార్ట్ అయింది."

వేళ్లకి మెతుకులు అలాగే ఉన్నాయి. ఏ మోటారు? మర్నాడు మళ్లీ వచ్చింది. ఆదివారం బస్సెక్కి కాలవ గట్టుకి పోయాను. మోటారు పక్కకి ఒరిగి పడుంది. వైర్లు కోసేశారు. కందిరీగలు లోపల గూడు పెట్టుకున్నాయి. పెట్టె ఉన్న చోట ఇనప కమ్మీ ఒకటి మిగిలింది, దానికి అన్నయ్య తువ్వాలు. ఊడదీసేటప్పుడు మెకానిక్ కూడా దాన్ని కమ్మీ మీదికి జరిపాడే గానీ తీయలేదు. గాలి ఉంది, జమ్ము ఊగుతోంది. తువ్వాలు మాత్రం కదలడం లేదు, నీళ్లూ దుమ్మూ పీల్చి అట్టలా బిగిసింది. దాని ముందు నిలబడి ఉండగా చేతిలో ఫోన్ మోగింది.

"నమస్కారం. మోటారు స్టార్ట్ అయింది."

కందిరీగ ఒకటి లోపలికి పోయింది, ఒకటి బయటికొచ్చింది. స్టార్ట్‌కి ఉలిక్కిపడడం అనే పాత వాడుక ఒకటుంది. దాన్ని ఆ రోజు బోర్డు మీద రాయలేదు.

ఆ నంబరును అడ్డుకోవచ్చు, అడ్డుకోలేదు. పైగా ఆ సిమ్ముకి రీఛార్జి వేయిస్తూ వచ్చాను. మానేస్తే ఆ గొంతు ఆగిపోయేది. ఎందుకు మానలేదో నాకే సరిగా తెలియదు. లేని మోటారు గురించి ఆమె మూడేళ్లు నాకు కబురు చెబుతూనే ఉంది.

ఈ ఎండాకాలం పేట బస్టాండు దగ్గర ఆటో ఎక్కితే నడిపేది ఆ మెకానిక్కే. నన్ను గుర్తుపట్టాడు.

"అన్నకి చెయ్యి ఎట్టా ఉంది సార్? ఒకసారి ఇంటికి రండి, ఒకటి చూపిస్తా."

వరండా గోడకి మా పెట్టె ఉంది. మోటారు బదులు బల్బు బిగించాడు.

"మూడేళ్ల నుంచి చూస్తన్నా సార్. కరెంటు పోయొచ్చినప్పుడు చూశా, పిడుగులప్పుడు చూశా. ఆటో తీసేశాక ఒక్కసారన్నా దానంతటది లేవలా. నేను మీట నొక్కితేనే లేచింది. మీకు చానా ఫోన్లు వచ్చుంటయ్, మొదటి నంబరు మీదే గదా. తిడతారనుకున్నా, మీరేమీ అనలా."

"ఇంకా ఎందుకు చూడడం?"

"తప్పెక్కడుందో తెలియకుండా ఇంకో పొలంలో ఎట్టా పెట్టను సార్? ఇంకోడి చెయ్యి పోతే?"

ఫోన్ తీసి కొట్టాను. పెట్టెలో టక్కుమంది. పట్టపగలు బల్బు వెలిగింది. నా చేతిలో ఆ గొంతు నమస్కారం చెప్పింది.

అతను బల్బు వైపు చూశాడు. తర్వాత నన్ను.

"క్లాసులో ఉన్నారన్నారు గదా సార్."

"క్లాసులోంచే కొట్టాను."

అతను తిట్టలేదు. తిడతాడని ఎదురుచూశాను. భుజం మీది తువ్వాలు తీసి పెట్టెకి వేసి, ఒక్కో మరమేకూ విప్పి గోడ మీంచి దింపాడు. "ఇది నాకు కాదు సార్ చెప్పాల్సింది," అన్నాడు.

మర్నాడు పొద్దున అతని ఆటోలోనే ఊరికి వెళ్లాం. అన్నయ్య అరుగు మీద ఉన్నాడు. అంతా చెప్పాను. అన్నయ్య ఒక్కటే అడిగాడు.

"ఎందుకు కొట్టావురా? నీళ్లు పెట్టడానికా?"

"కాదన్నయ్యా. పిల్లలకి చూపించడానికి."

తన చెయ్యి చూసుకున్నాడు. తర్వాత లేచి, మమ్మల్ని పిలవకుండానే కాలవ గట్టుకి నడిచాడు. మేం వెనక నడిచాం. ఆ రోజు తర్వాత అన్నయ్య అక్కడికి వెళ్లడం అదే మొదటిసారి. కమ్మీ మీది తువ్వాలును ఎడమచేత్తో లాగితే ఎండుటాకులా చిరిగి సగం చేతిలోకి వచ్చింది. మిగతా సగం కూడా గోకి గోకి తీశాడు.

"రేపొచ్చి కొత్త పెట్టె బిగించు," అన్నాడు మెకానిక్‌తో. "నువ్వే బిగించావని ఊళ్లో నేను చెబుతా. ఫోన్‌ది మాత్రం వద్దు. మీట వేసేవాడు ఇక్కడికొచ్చి వెయ్యాలి."

నాతో ఇప్పటికీ మాట్లాడడం లేదు.