తూర్పు హద్దు: చెర్చి గోడ

సామ్రాజ్యానికి అరవై మూడేళ్లు. తిరువూరులో పాతికేళ్లు బడిపిల్లలకి అన్నం వండింది. చదివింది అయిదో తరగతే గానీ, పచారీ కొట్టువాడు పొట్లం కట్టిన కాగితం కూడా చదవందే పారేయదు. అందుకే చర్చి తలుపుకి అంటించిన నోటీసును అందరూ చూస్తే, ఆమె చదివింది. చెరువు భూమిని ఆక్రమించి కట్టిన కట్టడాన్ని పదిహేను రోజుల్లో ఖాళీ చేయాలట.

"మన చర్చి ఉన్నది దిబ్బ మీద గదా! దిబ్బ మీద చెరువేంటి, నీళ్లకి నిచ్చెనేశారా?"

ఆమె మాటకి అందరూ నవ్వారు. పాస్టరు ప్రేమ్ కిరణ్ నవ్వలేదు. ఆయన ఈ సంఘానికి వచ్చి రెండేళ్లే అయింది.

"కంప్యూటర్లో చెరువనే ఉందమ్మా. మన దగ్గర చూస్తే కాగితమే లేదు. వేరేచోట స్థలం ఇస్తామంటున్నారు, ఒప్పుకుంటే మంచిదేమో."

"మీరు ఒప్పుకోండి అయ్యగారూ. మా నాన్న మట్టి మోసి కట్టిన గోడలివి. నేను ఒప్పుకోను."

చర్చి దస్తావేజు ఎప్పుడో పాత పెంకుల కప్పు కారినప్పుడు పెట్టెలోనే నాని పోయింది. సామ్రాజ్యం దాని జోలికి పోలేదు. ఏ దస్తావేజులోనైనా నాలుగు హద్దులు రాస్తారు. మన కాగితం పోతే పోయింది, పక్కవాళ్ల కాగితంలో మనం ఉంటాం గదా అనుకుంది. పడమటి వైపు మామిడితోట హనుమయ్యది. ఆయన గుమ్మం ముందు మూడు రోజులు నిలబడింది.

"నా కాగితాల్ని మీ గొడవలోకి లాగొద్దు సామ్రాజ్యం," అన్నాడాయన.

"ఇవ్వొద్దండీ, చదవనివ్వండి చాలు. ఇవాళ మా చర్చి చెరువైంది. పక్కనే ఉన్న మీ తోట రేపు చెరువు కాదని నమ్మకమేంటి?"

ఆ మాటకి హనుమయ్య బీరువా తెరిచాడు.

అంతా గొలుసుకట్టు రాత, అక్షరం విడవకుండా అల్లుకుపోయింది. సొంత కాగితమైనా హనుమయ్యకి ఒక్క ముక్క అంతుపట్టలేదు. సామ్రాజ్యం వాళ్ల నాన్న ఏబెలు ప్రార్థన పాటలన్నీ ఆ రాతలోనే రాసుకునేవాడు. ఆమె అక్షరాలు నేర్చిందే ఆ నోటు పుస్తకాల్లో. వేలు పెట్టి చదువుకుంటూ పోయి ఒకచోట ఆగింది.

"తూర్పు: చెర్చి గోడ."

అప్పట్లో చర్చిని చెర్చి అనేవాళ్లు. ఆ రాత తెలియనివాడెవడో కంప్యూటర్లోకి ఎక్కిస్తూ చెర్చిని చెర్వు, అంటే చెరువు, చేసేశాడు! హనుమయ్య పగలబడి నవ్వాడు. జిరాక్సు తనే తీయించి ఇచ్చాడు.

మర్నాడు పాస్టరును వెంటబెట్టుకుని తహసీల్దారు ఆఫీసుకి వెళ్లింది. అధికారి ఆ జిరాక్సును అటూ ఇటూ తిప్పాడు. "ఇది పక్కవాళ్ల దస్తావేజు. మా రికార్డులో చెరువే."

"మీ రికార్డు ఏ పుస్తకం చూసి ఎక్కించారో అది తీయండి సార్."

"అది పాత రాతమ్మా. ఇక్కడెవరికీ చదవడం రాదు."

"చదవడం రాకుండానే చెరువని రాశారా?"

పక్క బల్లల దగ్గరవాళ్లు తలలు తిప్పి చూశారు. సామ్రాజ్యం గొంతు తగ్గించలేదు. "చెరువైతే కట్టుంటుంది, నీళ్లు పొర్లిపోయే అలుగుంటుంది. గోడుంటుందా సార్?"

"అర్జీ ఇచ్చి వెళ్లండి, చూస్తాం."

ప్రేమ్ కిరణ్ లేచాడు. ఆమె లేవలేదు. "మీరు చూసేలోపు పదిహేను రోజులు దాటిపోతాయి. చూసేదాకా చర్చి మీద చెయ్యి వెయ్యబోమని రాసివ్వండి. అప్పుడు లేస్తాను."

అధికారి భోజనానికి వెళ్లొచ్చాడు. ఆమె అక్కడే ఉంది. నాలుగింటికి, విచారణ అయ్యేదాకా నోటీసు ఆపుతున్నట్టు రాసి ముద్ర వేశాడు. "పాత పుస్తకం రేపు తీయిస్తాను. మీరే వచ్చి చదువుదురుగాని," అన్నాడు విసుగ్గా.

బయటికొచ్చాక ప్రేమ్ కిరణ్ మెల్లగా అడిగాడు. "ఆ పుస్తకంలో కూడా చెరువనే ఉంటే ఎలాగమ్మా?"

"అదీ మనిషి రాసిందే గదండీ, తప్పని చెప్తాను. దక్షిణం వైపు పొలంవాళ్లు నెమలి ఊళ్లో ఉంటారు. వాళ్ల హద్దుల్లో మనల్ని ఏమని రాశారో చూసొద్దాం. బస్సొస్తోంది, చెయ్యెత్తండి అయ్యగారూ."